అప్‌డేట్: ఈటన్ మంటలు, హెచ్-1బీ, పాప డేకేర్ ఖర్చు

2025 జనవరిలో వచ్చిన ఈటన్ కార్చిచ్చు మంటల్లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఆల్టడీనాలో మా అద్దె ఇల్లు పొగపట్టింది, పాప వెళ్లే ఇంటి డేకేర్ కాలిపోయింది, హెచ్-1బీ వర్క్ వీసా వాళ్లకి ఫీమా (విపత్తుల్లో సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) సాయం వస్తుందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పని చేసింది "పాప పేరు మీద అప్లై చేయండి" అన్న సలహానే. హెచ్-1బీ మీదున్న మాకు అర్హత లేదు, కానీ పాప ఇక్కడే పుట్టిన సిటిజన్. తన సోషల్ సెక్యూరిటీ నంబర్‌తో మార్చి 31 గడువులోపే పెట్టాం. 770 డాలర్ల తక్షణ సాయం ముందు వచ్చింది. డేకేర్ ఖర్చుకి మాత్రం పాత ఫీజు రసీదులు, కొత్త చోటి కాంట్రాక్టు రెండూ అడిగారు. మంటల వల్లే ఖర్చు పెరిగిందని కనబడాలి. రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండే వాళ్ల బీమా) కంపెనీ ఏమిస్తుందో, ఏమివ్వదో చెప్పే లెటర్ పెట్టేదాకా ఫైలు కదల్లేదు. అది ముందే తెప్పించుకోండి.

గ్రీన్‌కార్డుకి అడ్డొస్తుందేమోనని పడ్డ టెన్షన్ అంతా దండగ. 2025లో ఉన్న రూల్స్ ప్రకారం విపత్తు సాయాన్ని పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీదే బతికే మనిషి అని గ్రీన్‌కార్డు ఆపే రూల్) కింద లెక్కించరని లాయర్ చెప్పారు.

డేకేర్ నడిపే ఆంటీ ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకి సాయం చేసే ప్రభుత్వ సంస్థ) లోన్‌కి పెట్టుకున్నారు. ఆవిడ కొత్త ఇంటికి డేకేర్ లైసెన్సింగ్ వాళ్ల అనుమతి రాగానే పాపని మళ్లీ అక్కడికే పంపిస్తాం.