అప్‌డేట్: హైదరాబాద్–లండన్ ఫ్లైట్‌లో ఏ వైపు కిటికీ సీటు?

పొద్దున బయల్దేరే డైరెక్ట్ ఫ్లైట్‌లో నాన్నకి ఏ వైపు కిటికీ సీటు తీసుకోవాలని పోయిన నెల అడిగాను కదా, మొన్నే వెళ్లొచ్చాం. "కుడివైపు, రెక్కకి ముందు" అన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్, అదే కరెక్ట్.

విమానం వాయవ్యంగా పోతుంటే ఎండంతా ఎడమవైపే పడింది. కాస్పియన్ సముద్రం దాటి జార్జియా మీదుగా వెళ్లేటప్పుడు కుడివైపు కాకసస్ పర్వతాలు మంచు కప్పుకుని ఎంతసేపటికీ అయిపోకుండా వస్తూనే ఉన్నాయి, నాన్న భోజనం ట్రే కూడా పక్కకి జరిపేసి వాటినే చూస్తూ కూర్చున్నారు. ఆ ముఖం చూడ్డానికే నేను ఇంత వెతికింది. పడమటి గాలి ఉండటంతో హీత్రూకి తూర్పు నుంచి, నగరం మీదుగా దిగాం. థేమ్స్ నది, టవర్ బ్రిడ్జ్ అన్నీ కుడి కిటికీలోనే కనిపించాయి. గాలి తూర్పుది అయితే మాత్రం అటువైపు నుంచి దిగరు, అది మన చేతిలో లేదు.

ఒకటి ఎవరూ చెప్పలేదు. మాది బోయింగ్ 787, కిటికీలకి షట్టర్ ఉండదు, బటన్‌తో అద్దం నల్లబడుతుంది. భోజనాలయ్యాక సిబ్బంది అన్నీ నల్లగా చేసేశారు, నాన్న సంగతి చెప్పి అడిగితే కాసేపటికి మాది తీశారు. మొహమాటపడకుండా అడగండి.

తిరుగు ప్రయాణం సీటు గురించి పడిన టెన్షన్ అనవసరం, దాదాపు దారంతా చీకటే.