కంప్యూటర్ కన్నా బేగి

అందరికీ నమస్కారం. మా ఉత్తరాంధ్రలో త్వరగా అనడానికి వాడే ‘బేగి’ అనే మాట మీద మీరేమంటారో తెలుసుకోవాలని ఉంది.

మాది విజయనగరం దగ్గర పల్లె. మా మావయ్య భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. సెలవులకి రాయపూర్ రైల్లో వచ్చినప్పుడల్లా ఆయన సంచిలో చాచా చౌదరి కామిక్స్ ఉండేవి. అన్నీ హిందీవే. గుంటలందరం చుట్టూ చేరితే ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, మా మాటలోకి మార్చి చదివేవారు.

ఆ పుస్తకాల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే వాక్యం మీకూ గుర్తుండే ఉంటుంది: “చాచా చౌదరీ కా దిమాగ్ కంప్యూటర్ సే భీ తేజ్ చల్తా హై.” మావయ్య దాన్ని “చాచా బుర్ర కంప్యూటర్ కన్నా బేగి పనిచేస్తాది” అనేవారు. మొన్న మా పాపకి చదివి వినిపిస్తూ నేనూ అదే అన్నాను. పక్కనున్న బంధువు ఒకరు “వేగంగా అని నేర్పించు, బేగి ఏటి?” అన్నారు. ఆ మాట నాకు కష్టంగా అనిపించింది.

దిమాగ్‌కి బుర్ర అనడంలో నాకు అనుమానం లేదు. మెదడు అంటే డాక్టర్ల మాటలా ఉంటుంది, బుద్ధి అంటే నడవడిక గుర్తొస్తుంది. బుర్ర అనగానే నవ్వు, మెప్పు రెండూ వస్తాయి. హిందీలో దిమాగ్ నడుస్తుంది, మనకి బుర్ర పనిచేస్తుంది. అదీ మావయ్య సరిగ్గానే పట్టుకున్నారు. చిక్కల్లా తేజ్ దగ్గరే. అది పారసీ మాట, మొదటి అర్థం పదును. సంస్కృతంలోని తేజస్సు, తీక్ష్ణం దానికి చుట్టాలే. ఆ లెక్కన ‘చురుగ్గా’ అనాలి. కానీ నా మనసు బేగి దగ్గరే ఆగిపోతోంది.

ఇచ్ఛాపురం నుంచి ఒక మాస్టారి జవాబు:

తమ్ముడూ, బేగి తప్పు మాట అని ఎవరన్నా నమ్మకు. మా పక్కనున్న ఒడియావాళ్ళూ బేగి అంటారు. తులసీదాసు రామచరితమానస్‌లోనూ బేగి ఉంది. తూర్పు భాషల్లో వ-కారం బ-కారం కావడం మామూలే. అయితే నాదొక ప్రశ్న. “బేగి రా” అంటే ఆలస్యం చెయ్యకుండా రమ్మని. “బేగి లేచాడు” అంటే పెందలాడే లేచాడని. అది వేళకి సంబంధించిన మాట కదా, జోరుకి కాదు. మరి తేజ్‌కి సరిపోతుందా?

నా సమాధానం:

మాస్టారూ, మీ ప్రశ్న చదివాకే నాకు అసలు సంగతి తట్టింది. బేగి ఇక్కడ కుదిరింది వేళ మాట కాబట్టే. కార్టూనిస్టు ప్రాణ్ గారు 1971లో లోట్‌పోట్ అనే హిందీ పత్రిక కోసం చాచాని సృష్టించారు. అప్పటికి మన దేశంలో కంప్యూటర్‌ని కళ్ళారా చూసినవాళ్ళు ఎంతమంది? అలాంటి రోజుల్లో ఎర్ర తలపాగా, తెల్ల మీసాలు, చేతికర్రతో ఒక ముసలాయన్ని హీరోని చేశారు. కండబలమంతా సాబూది. గురుగ్రహం నుంచి వచ్చి, చాచీ చేసే పరాఠాల రుచికి ఇక్కడే ఉండిపోయిన మనిషి. అంత బలశాలి పక్కనే ఉన్నా, దొంగ ఎత్తు ముందుగా తెలిసిపోయేది చాచాకే. సాబూ చెయ్యి లేచేసరికి ఈయన బుర్ర అక్కడికి చేరిపోయి ఉంటుంది. ఎంత జోరుగా వెళ్ళిందన్నది కాదు, అందరికన్నా ముందు చేరింది. దానికి బేగి కన్నా మంచి మాట నాకు దొరకలేదు. ఆ కామిక్స్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ అదే.

ఇంకొక వాక్యం మిగిలింది మాస్టారూ. సాబూకి కోపం వస్తే ఎక్కడో జ్వాలాముఖి పేలుతుందని ఉంటుంది. మావయ్య “ఎక్కడో కొండ పేలిపోద్ది” అనేవారు. అగ్నిపర్వతం అంటే పాఠం చదివినట్టుంది, ఉత్త కొండ అంటే నిప్పు రావడం లేదు. మీ వైపు పెద్దవాళ్ళు ఏమనేవారో గుర్తుంటే రాయండి.