అబ్బాయిని హైదరాబాద్ అకాడమీలో చేర్చాలా, గుంటూరు క్లబ్‌లోనే ఉంచాలా?

యార్డు గుమస్తా, గుంటూరు

నమస్కారం అండి. మాది కొరిటెపాడు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. మా వాడికి మొన్న సంక్రాంతికి పదమూడు నిండాయి. కుడిచేతి బ్యాటింగ్. తొమ్మిదో ఏట నుంచి ఇంటి దగ్గరి క్లబ్‌లో ఆడుతున్నాడు. క్లబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. గ్రౌండ్‌లో ఒక మూల రెండు నెట్లు, ఒక రేకుల షెడ్డు, అందులో చుట్టిపెట్టిన మ్యాటింగ్, అదే పిచ్ మీద పరిచే కొబ్బరిపీచు చాప. అంతే. పొద్దున్నే ఐదున్నరకు నేనే బండి మీద దింపుతాను. నెలకు వెయ్యి రూపాయలు. రెండు నెలలు ఆలస్యమైనా అడగరు.

నెల కిందట హైదరాబాద్ నుంచి ఒక రెసిడెన్షియల్ అకాడమీ వాళ్లు వచ్చి ట్రయల్స్ పెట్టారు. మా వాణ్ని చూసి "టాలెంట్ ఉంది, ఇక్కడే ఉంటే వేస్టయిపోతాడు" అన్నారు. హాస్టలు, స్కూలు, కోచింగ్ అన్నీ కలిపి ఏడాదికి మూడున్నర లక్షలట. బౌలింగ్ మెషిన్ ఉంది, వీడియో తీసి తప్పులు చూపిస్తారు, జిమ్ము ఉంది. పెదకాకాని దగ్గర మాకో చిన్న ప్లాటుంది. అది అమ్మితే రెండేళ్లకు సరిపోతుంది. మా ఆవిడ ససేమిరా అంటోంది. వాడేమో అప్పుడే సూట్‌కేసు దించుకుని కూర్చున్నాడు.

నాకు క్రికెట్ చూడ్డమే తప్ప లోపలి సంగతులు తెలియవు. ఇలాంటి చిన్న క్లబ్బుల వల్ల నిజంగా పైకి వెళ్లడం ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట బాబు

అన్నా, ఆలోచించకుండా పంపేయ్. అంబటి రాయుడు పుట్టింది మన గుంటూరులో. ఆట నేర్చింది హైదరాబాద్‌లో. 2002లో రంజీలో ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. ఎవరి మీద? మన ఆంధ్ర మీదే! ఇక్కడే ఉండుంటే ఆ రెండు ఇన్నింగ్సూ ఉండేవా?

ఎడంచేతి వాటం, బెజవాడ

బాబు చెప్పిన స్కోర్లు నిజమే. ఆ రోజు నేను పేపరు మడిచి అవతల పడేశాను. కానీ రాయుడికి హైదరాబాద్ ఇచ్చిందేమిటో కూడా చెప్పాలి కదా. మెషిన్ కాదు, హాస్టలు కాదు. అక్కడ డివిజన్ల వారీగా లీగ్ ఉంది. క్లబ్బుల జట్లు, బ్యాంకుల జట్లు. మీసం రాని పిల్లాడు కూడా రంజీ ఆడిన బౌలర్‌కు ఎదురు నిలబడాల్సి వచ్చే లీగ్ అది. సిరాజ్ సంగతే చూడండి. టెన్నిస్ బంతితో పెరిగినవాడు. ఒక క్లబ్ మ్యాచ్‌లో తొమ్మిది వికెట్లు తీశాడు, 2015లో రంజీలోకి వచ్చేశాడు. అతన్ని చూపించింది క్లబ్ మ్యాచ్.

నా గురించి చెబితే గాని నా మాటకు విలువెంతో మీకు తెలియదు. అరవై మూడేళ్లు. సత్యనారాయణపురం. ఎడంచేతి స్పిన్ వేసేవాణ్ని. జిల్లాకు ఆడాను, రంజీ ప్రాబబుల్స్ దాకా, అంటే జట్టును ఎంచే ముందు వేసే జాబితా దాకా వెళ్లి ఆగిపోయాను. ఇరవై ఏడేళ్లుగా ఒక క్లబ్ నడుపుతున్నాను. పేరు చెప్పను, చెబితే పిల్లల్ని చేర్చుకోవడానికి రాశాననుకుంటారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు మా కాలనీ వాళ్లే మా దగ్గర చేర్చరు, అది వేరే కథ.

ఒక పిల్లాడి సంగతి చెబుతాను. మా దగ్గరే మొదలుపెట్టాడు, పదమూడో ఏట పెద్ద అకాడమీకి వెళ్లాడు, రెండేళ్ల తరువాత వేసవి సెలవలకు వచ్చాడు. నెట్‌లో చూస్తే కళ్లు చెదిరాయి. మోచెయ్యి పైకి, తల బంతి మీద, కవర్ డ్రైవ్ ఫొటో తీసి గోడకు పెట్టుకోవచ్చు. ఆ ఆదివారం మ్యాచ్‌లో వన్‌డౌన్, అంటే మూడో నంబరులో దింపాను. అవతల బౌలింగ్ వేస్తున్నది ముప్ఫై తొమ్మిదేళ్ల కరెంటు ఆఫీసు ఉద్యోగి. బొజ్జ ఉంది. ఆరు బంతులూ ఒకే చోట, ఆఫ్ స్టంపు మీద రూపాయి బిళ్లంత చోట వేస్తాడు. స్పీడు లేదు, స్వింగు లేదు. కొట్టడానికి చోటివ్వడు, అంతే. మా వాడు పందొమ్మిది బంతులు ఆడాడు, పరుగు లేదు. ఇరవయ్యో బంతికి విసుగొచ్చి ముందుకెళ్లి గాల్లోకి లేపాడు. మిడాఫ్‌లో క్యాచ్.

వచ్చి నాతో అన్నదేమిటో తెలుసా? "సార్, అక్కడ ఇలాంటి బౌలర్లు లేరు." నిజమే! అక్కడ అందరూ వాడి వయసు పిల్లలే. బలంగా వేస్తారు, ఓవర్‌కు రెండు చెత్త బంతులు ఇస్తారు. మెషిన్ అయితే ఇంకా నయం, ఎక్కడ పెడితే అక్కడే వేస్తుంది. దానికి చెయ్యి లేదు, మణికట్టు లేదు. బంతి వదిలే ముందు బౌలర్ చేతిని చదవడం పిల్లాడికి ఎక్కడ అబ్బుతుంది? పైగా నెట్‌లో అవుటైతే తరువాతి బంతి ఉంటుంది. మ్యాచ్‌లో అవుటైతే చెట్టు కింద ప్యాడ్లు విప్పుకుని మూడు గంటలు పక్కవాడి ఆట చూడాలి.

బొంబాయి వాళ్లు ఇది ఎప్పుడో కనిపెట్టారు. 1948 నుంచి కంగా లీగ్ నడుపుతున్నారు, అదీ వానాకాలంలో. బురద పిచ్, గడ్డి పెరిగిన అవుట్‌ఫీల్డ్. ఆజాద్ మైదాన్‌లో ఒక మ్యాచ్ లాంగాన్ ఫీల్డర్ వెనక్కి తిరిగితే ఇంకో మ్యాచ్ జరుగుతుంటుంది. గవాస్కర్, వెంగ్‌సర్కార్ ఇద్దరూ దాదర్ యూనియన్ క్లబ్ వాళ్లే. ఇండియాకు ఆడుతూ కూడా క్లబ్‌కి వచ్చి ఆడేవాళ్లు. అలాంటివాళ్లు ఉన్న గ్రౌండ్‌లో కుర్రాడికి వేరే కోచింగ్ ఎందుకు?

మనకు లేనిది అదే. ఎమ్మెస్కే ప్రసాద్ మన గుంటూరువాడు, 1999లో టెస్టు క్యాప్ తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఆంధ్రకు ఆడుతూ టెస్టు ఆడినవాడు విహారి, 2018లో ఓవల్‌లో. మధ్యలో దాదాపు పందొమ్మిదేళ్లు. పిల్లలు లేక కాదు. నేను కళ్లారా చూశాను, ఉన్నారు. వాళ్లకు రెండు రోజులు, మూడు రోజులు సాగే మ్యాచ్‌లు లేవు. శని ఆదివారాల్లో ముప్ఫై ఓవర్ల ఆట, అదీ గ్రౌండ్ దొరికితే.

కాబట్టి గుమస్తా గారూ, మీరు లెక్కల మనిషి కనుక లెక్కే అడుగుతాను. పోయిన ఏడాది మీ వాడు తెల్లబట్టలేసుకుని ఎన్ని రోజులు పూర్తి మ్యాచ్ ఆడాడు? ఎన్నో నంబరులో దిగాడు? ఎన్ని బంతులు ఆడాడు? ఇవే ప్రశ్నలు ఆ అకాడమీ వాళ్లనూ అడగండి. ఇంకొకటి. హైదరాబాద్ వేరే క్రికెట్ అసోసియేషన్, మన ఆంధ్రది కాదు. మీ వాడు అక్కడ చదువుకుంటూ ఏ అసోసియేషన్ సెలెక్షన్స్‌కు వెళ్తాడో డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి. ఈ సంగతి మూడో ఏడాది తెలుసుకుని తలపట్టుకున్న తండ్రి ఒకాయన నాకు తెలుసు.

స్టాండ్‌బై

పెద్దాయన మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, క్లబ్బుల్ని మరీ ఆకాశానికెత్తొద్దు. నేను జిల్లా అండర్-19లో రెండేళ్లు ఉన్నాను. రెండుసార్లూ స్టాండ్‌బై, అంటే ఎవరైనా తప్పుకుంటేనే పిలుస్తారు. పేరు అందుకే. మా క్లబ్‌లో ఓపెనింగ్ ఎప్పుడూ సెక్రటరీ గారి మేనల్లుడిదే. ఒక ఏడాది సెలెక్షన్స్ తేదీ మాకు చెప్పనేలేదు. గ్రూపులో పెట్టామన్నారు. ఏ గ్రూపులో పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర మొబైల్ షాపులో పనిచేస్తున్నాను.

మన గుంటూరు కుర్రాడే షేక్ రషీద్ 2022 అండర్-19 వరల్డ్ కప్‌లో వైస్ కెప్టెన్. సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50. అప్పటి నుంచి ప్రతి నెట్ పక్కనా ఒక నాన్న చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. నేను వద్దనడం లేదు. జిల్లా జట్టులో ఉండేది పదిహేను మంది. అక్కడి నుంచి విజయ్ మర్చంట్ ట్రోఫీ ఆడే రాష్ట్ర అండర్-16 జట్టుకు జిల్లాకు ఒకరో ఇద్దరో. మధ్యలో ఎముక వయసు పరీక్ష ఒకటి, మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. సర్టిఫికెట్‌లో ఎంతున్నా ఎముక ఎక్కువ చూపిస్తే ఆ ఏజ్ గ్రూపు అయిపోయినట్టే. ఇవన్నీ దాటినా గ్యారంటీ లేదు. ప్లాటు మాత్రం అమ్మకండి అన్నా.

యార్డు గుమస్తా, గుంటూరు

పెద్దాయన అడిగిన లెక్క నిన్న రాత్రి వేశాను. క్లబ్ స్కోరు పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఆకుపచ్చ అట్ట, సగం పేజీల మీద టీ మరకలు. పోయిన ఏడాది జూన్ నుంచి మా వాడు ఆడినవి పద్నాలుగు మ్యాచ్‌లు. ఐదింట్లో బ్యాటింగే రాలేదు. మిగతా వాటిలో ఆరు, ఏడు నంబర్లలో దిగాడు. మొత్తం ఆడింది 163 బంతులు. ఏడాది పొడుగునా పొద్దున్నే ఐదింటికి లేచినందుకు 163 బంతులండి! నాకు ఆ అంకె చూశాక నిద్ర పట్టలేదు.

అకాడమీకీ ఫోన్ చేశాను. మ్యాచ్‌లు ఎన్ని అంటే "వీలును బట్టి ఉంటాయి సార్, ముందు బేసిక్స్ కావాలి కదా" అన్నారు. సెలెక్షన్స్ సంగతి అడిగితే మేనేజర్ మళ్లీ చేస్తారన్నారు, ఇంకా చేయలేదు.

మా వాడికి షార్ట్ బంతి అంటే ఇష్టం. పుల్, కట్ బాగా కొడతాడు. అదైనా ప్లస్ పాయింటే కదా?

ఎడంచేతి వాటం, బెజవాడ

సంతోషించకండి, అది మ్యాటింగ్ చలవ.

కొబ్బరిపీచు మ్యాట్‌ను మేకులు కొట్టి బిగువుగా లాగితే బంతి తన్నుకుని లేస్తుంది. పిల్లాడు వెనక్కెళ్లి కొట్టడం అలవాటు చేసుకుంటాడు. అదే వదులుగా ఉంటే బంతి పట్టుకుని తిరుగుతుంది. మా కాలంలో నేను బౌలింగ్ వేసే వైపు ఒక మేకు కాస్త వదులుగా కొట్టమని మా వాచ్‌మన్‌కు టీ పోయించేవాణ్ని. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, కేసు పెట్టేవాళ్లెవరూ మిగల్లేదు.

మన పిల్లలు మ్యాట్ మీద రాజులు. సెలెక్షన్స్ మాత్రం విజయవాడ దగ్గరి మూలపాడు లాంటి చోట టర్ఫ్ మీద, అంటే మట్టి, గడ్డితో చేసిన పిచ్ మీద పెడతారు. అక్కడ అదే లెంగ్తు బంతి మోకాలు దాటదు. మీ వాడు అలవాటు కొద్దీ వెనక్కి వెళ్తాడు, బంతి ప్యాడ్లకు తగులుతుంది, అంపైర్ వేలు లేస్తుంది. ఎన్ని ఎల్బీలు చూశానో లెక్కలేదు. నెలకు రెండుసార్లయినా టర్ఫ్ నెట్ దొరికే చోటికి తీసుకెళ్లండి, మంగళగిరి మీకు దగ్గరే. మూడున్నర లక్షల ముందు ఆ ఖర్చు చాలా తక్కువ.

163 బంతుల గురించి మాత్రం మీ క్లబ్ కెప్టెన్‌తో మాట్లాడాల్సిందే. స్టాండ్‌బై బాబు అన్నదాంట్లో తప్పు లేదు. నేనూ పదేళ్లపాటు పెద్దవాళ్లనే ముందు దింపాను, కప్పు కావాలని. ఆ కప్పులు ఇప్పుడు మా షెడ్డులో మేకులు వేసుకోవడానికి పనికొస్తున్నాయి. రెండో జట్టు పెట్టి పిల్లల్ని మూడు, నాలుగు నంబర్లలో దింపమనండి. కుదరదంటే అప్పుడు క్లబ్ మార్చండి. ఊరు మార్చక్కర్లేదు.

తెనాలి అమ్మ

ఇక్కడందరూ అబ్బాయిల గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మాయికి ఇప్పుడు పదిహేను. 2016లో మూలపాడుకు వెస్టిండీస్ ఆడవాళ్ల జట్టు వచ్చినప్పుడు వాళ్ల నాన్న చంక నెక్కించుకుని తీసుకెళ్లారు. అప్పట్నుంచీ ఇదే గోల. మా ఊరి క్లబ్‌లో ఇరవై రెండు మంది అబ్బాయిల మధ్య ఇదొక్కతే. బట్టలు మార్చుకోవడానికి వాచ్‌మన్ ఇంటికి వెళ్తుంది. అయితే ఒకటి, అబ్బాయిలకు బౌలింగ్ వేసి వేసి ఇప్పుడు అమ్మాయిల మ్యాచ్ అంటే దీనికి భయమే లేదు. విజయవాడ నుంచి సబ్బినేని మేఘన, కడప జిల్లా నుంచి శ్రీచరణి ఇండియాకు ఆడారుగా, వాళ్ల ఫొటోలు మా ఫ్రిజ్ మీదున్నాయి. గుమస్తా గారూ, పదమూడేళ్ల పిల్లాడు ఇంట్లో అన్నం తినాలి. నాకు తెలిసిన క్రికెట్ ఇంతే.

యార్డు గుమస్తా, గుంటూరు

అందరికీ థ్యాంక్స్ అండి. కెప్టెన్‌తో మాట్లాడాను. మొహం మాడ్చుకున్నాడు కానీ ఆదివారం మా వాణ్ని వన్‌డౌన్ దింపాడు. 41 బంతులు ఆడి 9 పరుగులు. యార్డులో హమాలీ మేస్త్రీ ఒకాయన ఆఫ్ స్పిన్ వేస్తాడు, ఆయనకే బౌల్డ్. తరువాత వేపచెట్టు కింద ప్యాడ్లతోనే కూర్చున్నాడు, నేను తెచ్చిన మజ్జిగ కూడా తాగలేదు. ఇంటికొచ్చే దారిలో బండి వెనక నుంచి అడిగాడు, "నాన్నా, ఆ అంకుల్ రేపు యార్డుకొస్తాడా? ఆ బంతి ఎలా వేశాడో అడుగు."

ఇవాళ అడిగాను. సాయంత్రం గ్రౌండ్‌కు తీసుకురా, చూపిస్తానన్నాడు. అకాడమీ వాళ్ల ఫోన్ ఇంకా రాలేదు.