‘వచ్చేస్తున్నా’ ఏ కాలం?

తెలుగును రెండో భాషగా నేర్చుకుంటున్న మిత్రులొకరు అడిగిన ప్రశ్న ఇది: వస్తా, వస్తున్నా, వచ్చేస్తా, వచ్చేస్తున్నా. వీటిలో భవిష్యత్తు ఏది? నాలుగింటి ముందూ ‘రేపు’ పెట్టి చూడండి, నాలుగూ నిలుస్తాయి. ‘-తున్నా’ అంటే వర్తమానమని కాలాల పట్టికలో చదువుకున్నవారు ఇక్కడ తికమకపడటం న్యాయమే. తప్పు వారిది కాదు, ఆ పట్టికది.

‘రేపు వస్తా’ అంటే మాట ఇచ్చినట్టు. ‘రేపు వస్తున్నా’ అంటే రాక ఖాయమైపోయింది, ఇక చెప్పడమే మిగిలింది. ‘వచ్చేస్తా’లో ఆ ‘-ఏస్-’ పని ముగింపు వైపు చూస్తుంది: ఇంకేం అడ్డు లేదు, అయిపోయినట్టే అనుకో అని. ‘వచ్చేస్తున్నా’ అని ఫోన్‌లో అన్న మనిషి ఇంకా గడప దాటకపోయి ఉండవచ్చు! అయినా దాన్ని అబద్ధం అనలేం. ఎదురుచూసేవారికి ఇచ్చే భరోసా అది. పని ఎప్పుడు జరుగుతుంది, దాన్ని సాగుతున్నట్టు చూస్తున్నామా ముగిసినట్టా, మాట్లాడేవారికి దాని మీద ఎంత నమ్మకం, ఈ మూడూ ఒకే క్రియలో కలిసిపోయాయి. కాలం అనే ఒక్క పేరు వీటన్నిటికీ చాలదు.

మన పాత వ్యాకరణాలు ఈ సంగతి కొంత పట్టించుకున్నాయి. చిన్నయసూరి భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మాన్నీ చెప్పాడు. అంటే అలవాటుగా, స్వభావంగా జరిగేది. నేటి ‘వస్తాడు’ ఆ పనీ చేస్తుంది, భవిష్యత్తు పనీ చేస్తుంది. ‘రోజూ వస్తాడు’, ‘రేపు వస్తాడు’ రెండిటికీ రూపం ఒకటే. మూడు కాలాలకే కుదించి తద్ధర్మాన్ని వదిలేసి నేర్పడం నాకు నచ్చదు. బయటివారికి నేర్పేటప్పుడు అదే ముందు కావాలి.

క్రియల్లోనే రకాలున్నాయని 1957లో జెనో వెండ్లర్ అనే తత్త్వవేత్త ఒక వ్యాసంలో విడదీసి చూపించాడు. తెలుగులో దాన్ని పరీక్షించడం చాలా తేలిక. ‘గంటసేపు నడిచాడు’ అంటాం. ‘గంటలో ఉత్తరం రాశాడు’ అంటాం. ‘గంటసేపు ఊరు చేరాడు’ అనం. నడక సాగే పని, ఉత్తరం రాయడానికి ఒక ముగింపు ఉంది, చేరడం ఒక్క క్షణంలో జరిగే మార్పు. ‘తెలుసు’ లాంటివి పనులే కావు, స్థితులు.

రెండో భాష నేర్చుకునేవారి మీద ఈ తేడా గట్టిగా పనిచేస్తుందని రోజర్ ఆండర్సెన్, యసుహిరో షిరాయ్ లాంటి భాషాశాస్త్రవేత్తలు గమనించారు. భూతకాల ప్రత్యయం ముందుగా చేరడం, పగలడం లాంటి ముగింపున్న క్రియల మీద కనిపిస్తుంది. స్థితుల మీదికి ఆలస్యంగా వస్తుంది. సాగుతున్నట్టు చెప్పే రూపం ముందుగా నడక, ఆట లాంటివాటితో మొదలవుతుంది. అన్ని భాషల్లో, అందరిలో అచ్చం ఇలాగే జరుగుతుందని కాదు గానీ ఆ మొగ్గు ఉంది.

దానికంటే ముందు ఇంకో దశ ఉంటుంది. వోల్ఫ్‌గాంగ్ క్లైన్, క్లైవ్ పెర్డ్యూ అనే భాషాశాస్త్రవేత్తలు ఐదు ఐరోపా దేశాల్లో వలస వచ్చిన పెద్దవాళ్ళ మాటలను పరిశీలించినప్పుడు, ప్రత్యయాలు లేకుండానే వాళ్ళు కథ చెప్పగలగడం కనిపించింది. నిన్న, తర్వాత, ఎప్పుడూ లాంటి మాటలతో, జరిగిన వరుసలో చెప్పడంతో నెట్టుకొచ్చారు. అందుకే కొత్తగా నేర్చుకునేవారు ‘నిన్న నేను వస్తా’ అంటే వెంటనే దిద్దకండి. ‘నిన్న’ అన్న మాటతో కాలం చెప్పేశారు కదా.

మనం ఇంగ్లీషు నేర్చుకున్నప్పుడూ ఇదే గొడవ. ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్’ అంటే నవ్వేవాళ్ళున్నారు. ‘నాకు అర్థం కావట్లేదు’ అని మనం సాగుతున్నట్టే చెబుతాం కాబట్టి ఆ వాక్యం అలా వస్తుంది. మన భాషలో అది ఇంకా జరుగుతున్న ప్రయత్నం, ఇంగ్లీషులో స్థితి. అలా మాట్లాడేవారికి వ్యాకరణం తెలీక కాదు, రెండు వ్యాకరణాలు తెలిసి.

అసలు కష్టమంతా వ్యతిరేకార్థాల్లో ఉంది, అక్కడే పాఠాలు మరీ పలచన. ‘అతను నిన్న రాలేదు’, ‘అతను రేపు రాలేడు’. ఇక్కడ ఒక్క అక్షరంతో జరగకపోవడం వేరు, చేతకాకపోవడం వేరు. కానీ ‘ఆమె రాలేదు’ అన్నప్పుడు ఆ తేడా మాయమవుతుంది. నిన్న రాలేదా, రేపు రాలేదా అన్నది పక్క మాట చూసి తెలుసుకోవాల్సిందే. ‘రాడు’ అంటే మళ్ళీ వేరు, అతని ఉద్దేశమో అలవాటో అందులో ఉంటుంది. ‘రావాల్సింది’ అంటే రాలేదని, వస్తే బాగుండేదని రెండూ చెప్పినట్టు.

ప్రశ్న అడిగిన మిత్రులకు ఇంకొక్కటి. ‘తినేశావా?’ అని అడిగితే ‘తినేయలేదు’ అని జవాబివ్వం, ‘ఇంకా తినలేదు’ అంటాం. వ్యతిరేకార్థంలో ఆ ‘-ఏయ్-’ (పైన చూసిన ‘-ఏస్-’కే ఇంకో రూపం) జారిపోతుంది. ‘నేనేం తినేయలేదు’ అని వినబడితే మాత్రం అక్కడేదో నింద పడిందని అర్థం. ‘పడిపోయిందా?’ అంటే ‘పడిపోలేదు’ అని మామూలుగానే అంటాం, నిందా లేదు ఏమీ లేదు. ‘-ఏయ్-’కీ ‘-పో-’కీ ఈ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించినవారుంటే రాయండి.