సప్రెసర్‌పై రాష్ట్రాల నిషేధం న్యాయమేనా?

శ్రీధర్, డాలస్:
తుపాకీ గొట్టం చివర బిగించే సప్రెసర్‌ను, అంటే మనవాళ్లు సైలెన్సర్ అనేదాన్ని, అమెరికాలో 42 రాష్ట్రాలు పౌరులకు అనుమతిస్తుండగా కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయిస్ సహా 8 రాష్ట్రాలు నిషేధించాయి. 1934 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం వేలిముద్రలు, ఫొటో ఇచ్చి, తనిఖీ పూర్తయి, పేరు నమోదైతే తప్ప అది చట్టబద్ధంగా చేతికి రాదు. ఇంత వడపోత ఉండగా రాష్ట్రం మళ్లీ తలుపు మూయడం ఎందుకు? మినెసోటా 2015లో, అయోవా 2016లో నిషేధం ఎత్తివేశాయి. పేరుకే సైలెన్సర్ గాని, అది 160 డెసిబెళ్ల పేలుడును 20 నుంచి 35 డెసిబెళ్ల మేరకు తగ్గించి వేటగాడి చెవులను కొంత కాపాడుతుంది, అంతే.

పద్మజ, ఎడిసన్:
శ్రీధర్ గారూ, ఆ తగ్గింపే నన్ను భయపెడుతోంది. 2019 మే 31న వర్జీనియా బీచ్ నగరపాలక భవనంలో 12 మందిని చంపిన ఇంజనీరు పిస్తోలుకు సప్రెసర్ ఉంది. ఆ చప్పుడు విని మేకులు కొట్టే యంత్రం అనుకున్నామని లోపలున్న కొందరు చెప్పారు. తుపాకీ మోత అని వెంటనే తెలిస్తే పరుగెత్తడానికి నాలుగు క్షణాలైనా దొరుకుతాయి కదా! పైగా ఫెడరల్ చట్టమే మెత్తబడుతోంది: 1934 నుంచీ మారని 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సప్రెసర్లకూ పొట్టి గొట్టం రైఫిళ్లకూ సున్నా అయింది, మెషిన్‌గన్లకూ, గ్రెనేడ్ల వంటి విధ్వంసక ఆయుధాలకూ మాత్రమే మిగిలింది.

రఘురామ్, షికాగో:
పన్ను పోయినా నమోదు పోలేదని ముందు గుర్తుంచుకోవాలి. ఇక రాష్ట్రాల అధికారం సంగతి: ఫెడరల్ చట్టం మీద అవి ఇంకా బిగించగలవు గాని, దాన్ని సడలించలేవు. తమ రాష్ట్రంలోనే తయారై అక్కడే ఉండే ఆయుధాలకు ఫెడరల్ చట్టం వర్తించదని కాన్సాస్ 2013లో శాసనం చేసింది. దాన్ని నమ్మి నమోదు లేని సప్రెసర్ విషయంలో శిక్షపడిన ఇద్దరి అప్పీళ్లను ఫెడరల్ కోర్టు 2018లో తోసిపుచ్చింది. మన వాళ్లలో హెచ్-1బీ వీసాపై ఉన్నవారికి, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీయే నిషిద్ధం కాబట్టి ఈ చర్చ ప్రధానంగా గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవారికి సంబంధించినది. నాకు అన్యాయంగా తోచేది వేరే ఉంది. పొట్టి గొట్టం రైఫిల్‌ను రాష్ట్రం దాటించాలంటే ముందుగా ఫెడరల్ అనుమతి తీసుకోవాలి గనుక యజమాని అక్కడే ఆగి ఆలోచిస్తాడు. సప్రెసర్‌కు ఆ అనుమతి అక్కర్లేదు, అందువల్ల టెక్సస్‌లో సక్రమంగా కొన్నవాడు ఉద్యోగం మారి సామానుతో ఇల్లినాయిస్ వస్తే, తెలియకుండానే నేరస్థుడవుతాడు.

శ్రీధర్, డాలస్:
అయితే నిషేధించిన రాష్ట్రాలు కొత్తగా వచ్చేవారికి దాన్ని అమ్ముకోవడానికి కనీసం 90 రోజుల గడువైనా ఇవ్వాలి.

పద్మజ, ఎడిసన్:
గడువుకు నాకు అభ్యంతరం లేదు, కాని ఆ 90 రోజులూ అది ఇంట్లో కాదు, లైసెన్సున్న డీలరు దగ్గర ఉండాలి.