పనివాళ్ల పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరి చేస్తే పెద్దవాళ్ల హత్యలు ఆగుతాయా?

రావిచెట్టు:
ఒంటరిగా ఉంటున్న పెద్దావిడను పనికి కుదిరిన మనిషే చంపి నగలతో ఉడాయించిన వార్త వచ్చినప్పుడల్లా పోలీసులు చెప్పేది ఒకటే: వెరిఫికేషన్ చేయించలేదని. దీన్ని సలహాగా వదిలేయకూడదు. చేయించని యజమానికి శిక్ష పడాలి. తన ఫొటో, చిరునామా స్టేషన్‌లో ఉన్నాయని తెలిస్తే ఎవరైనా జంకుతారు.

సెక్షన్109:
తప్పనిసరి ఇప్పటికే చాలా నగరాల్లో ఉందండీ. పోలీసు కమిషనర్లు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163వ సెక్షన్ (పాత 144) కింద ఉత్తర్వులిస్తారు. మామూలుగా రెండు నెలలకు మించి చెల్లవు, మళ్లీ ఇవ్వాలి. ఉల్లంఘిస్తే బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 223 కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా రూ.2,500 వరకు జరిమానా, లేదా రెండూ. అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు విచారణకు తీసుకోదు.

అసలు లోపం వేరే ఉంది. వెరిఫికేషన్ అంటే సొంతూరి స్టేషన్‌లో అడగడం, సీసీటీఎన్ఎస్‌లో (దేశంలోని పోలీస్ స్టేషన్ల నేర రికార్డులను కలిపే కంప్యూటర్ వ్యవస్థ) పేరు వెతకడం. తొలిసారి నేరం చేసేవాళ్ల మీద అక్కడ ఏమీ ఉండదు. ఊరు, పేరు మార్చి చెబితే వెతుకులాటే దారి తప్పుతుంది. పనిమనిషి తలుపు తీస్తే లోపలికొచ్చే స్నేహితుడి వివరాలు ఏ ఫారంలోనూ ఉండవు. పారిపోయినవాళ్లను పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది, నిజమే. ప్రాణం కాపాడుతుందని నమ్మి నిశ్చింతగా ఉంటేనే ప్రమాదం.

పగటిసాయం:
పొట్టకూటికి వచ్చిన ప్రతి ఒక్కరినీ అనుమానితుల జాబితాలో చేర్చడం అన్యాయం. ఇంటిపనివారి హక్కుల మీద 2011లో వచ్చిన ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 189వ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించనేలేదు. జీతం తేదీ, వారాంతపు సెలవు, అడ్వాన్సు ఎలా కోస్తారన్నది ముందే కాగితం మీద పెట్టండి. మంచం పట్టిన మనిషికి ఒక్కరినే ఇరవై నాలుగు గంటలూ ఉంచకండి, రెండు షిఫ్టులు కావాలి. ఆధార్ నకలు చాలు, అసలు కార్డు మీ దగ్గర ఉంచుకోవద్దు.

తాళంచెవి:
పగటిసాయం గారూ, అవన్నీ చేయాల్సినవే. కానీ నగల కోసం చేరినవాళ్లకు జీతంతో పనేముంది? చేరిన కొద్ది రోజులకే జరిగిన హత్యలున్నాయి. కాబట్టి ఇంట్లో దోచుకోవడానికి ఏమీ లేకుండా చేయడమే ముందు పని. బంగారం బ్యాంకు లాకర్లోకి వెళ్లాలి, ఒంటి మీద గొలుసూ గాజులతో సహా. పెద్దవాళ్లు దీనికి ఒప్పుకోరు, బతిమాలైనా ఒప్పించాలి. ఇంటి ఖర్చుకు మించి నగదు ఉంచకూడదు. ఏటీఎం పిన్ పనివాళ్లకు చెప్పి డబ్బు తెప్పించుకోవడం మానాలి. పొలం అమ్మిన డబ్బు ఊసు వాళ్లు వింటుండగా ఫోన్లో ఎత్తకూడదు.

సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ దాచే పెట్టె) టీవీ కింద పెడతారు, పోయేవాళ్లు దాన్నీ పట్టుకుపోతారు. రికార్డింగ్ క్లౌడ్‌కు వెళ్లేలా పెట్టుకోండి. పడకగదికి లోపలి గడియ ఉండాలి, అయితే బయటి నుంచి తాళంచెవితో తీయగలిగేది. లేకపోతే జారిపడిన రోజు తలుపు పగలగొట్టాలి. నిద్రమాత్రల స్ట్రిప్పు పనివాళ్ల చేతికివ్వొద్దు, వారానికోసారి లెక్క చూడండి. పగటిపూట కూడా మత్తుగా, మాట ముద్దగా ఉంటే వయసని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి. రోజూ ఒకే వేళకు ఫోన్ చేస్తే ఆ వేళ ఎదుటివాళ్లకూ తెలిసిపోతుంది. ఒకటి వేళకు, ఇంకొకటి వేళాపాళా లేకుండా చేయండి.

పంచనామా:
ఒకటి ఎవరూ చెప్పలేదు. "నిద్రలోనే పోయారు" అనగానే గుండెపోటనుకుని దహనం చేసేస్తే కేసే ఉండదు. కళ్లలో సన్నటి ఎర్రచుక్కలు, పెదవుల లోపలివైపు గాయం, మణికట్టు దగ్గర కమిలిన గుర్తులు, నగలు కనబడకపోవడం. వీటిలో ఏదున్నా స్నానం చేయించకండి, దుప్పట్లు మార్చకండి, 112కు ఫోన్ చేయండి. పోలీసులు బీఎన్ఎస్ఎస్ 194 కింద శవ పంచనామా చేసి పోస్టుమార్టానికి పంపుతారు. మత్తు అనుమానం ఉంటే ముందే చెప్పాలి, విస్రా (పరీక్ష కోసం తీసే లోపలి అవయవాల నమూనాలు) ల్యాబుకు పంపేది దాన్ని బట్టే.

సెక్షన్109:
రావిచెట్టు గారూ, యజమానికి జరిమానా అడిగే బదులు ఉన్న నిబంధన అమలు అడగండి. 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో 20వది చూడండి. ప్రతి స్టేషన్‌లో ఒంటరి వృద్ధుల జాబితా ఉండాలి, నెలకు ఒక్కసారైనా పోలీసు ప్రతినిధి ఇంటికి వెళ్లి చూడాలి, వాళ్లు అడిగితే పనివాళ్ల పూర్వాపరాలు వెంటనే ఆరా తీయాలి. స్టేషన్‌కు వెళ్లి ఆ జాబితాలో పేరు ఉందా అని రాతపూర్వకంగా అడగండి. నెలనెలా ఖాకీ బట్టలు గుమ్మంలో కనబడితే వచ్చే జంకు ఫారంతో రాదు.

రావిచెట్టు:
యజమానికి శిక్ష అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏజెన్సీల విషయంలో మాత్రం కాదు. కమీషన్ తీసుకుని మనిషిని పంపేవాళ్లు ఆ మనిషి ఎవరో చెప్పలేకపోతే బాధ్యత వాళ్లదే. ఛత్తీస్‌గఢ్ 2013లోనే ప్లేస్‌మెంట్ ఏజెన్సీల మీద చట్టం చేసింది. అలాంటిది మనకూ కావాలి.