కోత మిషన్ వెనక గట్టి గింజలు పోతున్నాయి, ఏం సరిచేయించాలి?

మాది మిర్యాలగూడ వైపు. అన్నతో కలిసి 40 ఎకరాల వరి, సగం కౌలే. నిన్నటి నుంచి చైన్ మిషన్‌తో కోయిస్తున్నాం. మిషన్ వెళ్లాక గడ్డి వరస ఎత్తి చూస్తే కింద గింజలు! తాలు కాదు, పంటి కింద పెడితే టక్కుమంది. కొన్ని కంకులకు గింజ ఇంకా అంటుకునే ఉంది. డ్రైవరేమో ‘గడ్డి పచ్చిగా ఉందన్నా, అంతే’ అంటున్నాడు. కిరాయి గంట లెక్కన, మెల్లగా నడపమంటే నా జేబుకే చిల్లు.

ఫ్యాను గాలి ఎక్కువైందా, జల్లెడ సరిగా తెరవలేదా, కంకులు నూర్చే డ్రమ్ములోనే గింజ సరిగా రాలట్లేదా? ఎలా కనిపెట్టాలి? పొద్దున ఎనిమిదింటికే మిషన్‌ను పొలంలోకి దింపుతున్నాం, మంచు ఆరాక పది దాటి మొదలుపెడితే తగ్గుతుందా? ఎలాగూ తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తిప్పలే. ఇంకా 22 ఎకరాలుంది, మిషన్ ఎల్లుండి వేరే ఊరికి పోతుంది. తెలిసినవాళ్లు కాస్త తొందరగా చెప్పండి.